వెనక కూర్చున్నవాడు

ఇరవై రెండేళ్ళుగా ఒక సందేహం నన్ను వదలలేదు. మిట్ట ఎక్కుతున్న మోటార్ సైకిల్ వెనక నుంచి ఆ రోజు నేను దూకింది బండి తేలిక కావాలనా, నా ప్రాణం దక్కించుకోవాలనా?

అడిగినవాళ్ళందరికీ మొదటి జవాబే చెప్పాను. స్టేషన్లో చెప్పాను. కోర్టులో ప్రమాణం చేసి చెప్పాను. మా వదిన తులసమ్మ ముందు కూర్చుని చెప్పాను. ఇద్దరి బరువుకు బండి ఎక్కడం లేదు, ఒకరి బరువు తగ్గితే అన్న గట్టెక్కుతాడని దూకినానని. అందరూ నమ్మారు. అందులో అబద్ధం పట్టుకోవడానికి ఏమీ లేదు. బండి నిజంగానే ఎక్కలేదు, నేను నిజంగానే దూకాను. దూకే ముందు ఏమనుకున్నానన్నది నాకొక్కడికే తెలియాలి. నాకే తెలియలేదు.

ఆళ్ళగడ్డకు తూర్పున, నల్లమల కనిపించే వైపు మాకు ఎనిమిదెకరాల పొలం ఉంది. రోడ్డు మీద నుంచి పొలానికి పోవడానికి చేల మధ్య బండ్లు నడిచే దారి ఒకటి, డొంక అంటాం. మా తాత కాలంలో రెండు ఎద్దుల బండ్లు ఎదురుపడినా తప్పుకుని పోయేవట. డొంక పక్క చేను తిమ్మయ్యది. ఏటా దుక్కి దున్నేటప్పుడు ఒక్కొక్క సాలు డొంకలోకి జరుపుతూ వచ్చాడు. ఆ ఏడు సగం డొంకలో కంది మొలిచింది. మా అన్న నరేంద్ర మాటల మనిషి కాదు. ట్రాక్టర్ తెచ్చి ఆ కందినంతా దున్నించేశాడు.

నాలుగో రోజు పొద్దున అన్న బండి మీద ఇద్దరం పొలానికి పోతున్నాం. అన్న నడుపుతున్నాడు, నేను వెనక కూర్చున్నాను. తిమ్మయ్య చేను దాటగానే డొంక ఎడమకు తిరిగి ఒక రాళ్ళ మిట్ట ఎక్కుతుంది. కంది చేలోంచి ముగ్గురు లేచారు. తిమ్మయ్య చేతిలో గొడ్డలి, అతని తమ్ముళ్ళ చేతుల్లో కొడవళ్ళు. అన్న బండిని మిట్ట మీదికి తిప్పాడు. సగం ఎక్కాక ఇంజను మూలిగింది, ముందు చక్రం నేల విడిచి లేచింది. నేను దూకాను. వెనక బండి పడిన చప్పుడు విన్నాను. తిరిగి చూడలేదు. కుడివైపు జొన్న చేలోకి పరిగెత్తి బోర్లా పడుకున్నాను.

గొడ్డలి కట్టె మీద పడితే ఒక చప్పుడు, మనిషి మీద పడితే ఒక చప్పుడు. ఆ తేడా నాకు ఆ రోజు తెలిసింది. పదకొండు దెబ్బలు విన్నాను. మొదటి మూడు దెబ్బలకు అన్న గొంతు కూడా వినిపించింది. మట్టిలో మొహం పెట్టుకుని నేను అహోబిలం నరసింహస్వామికి మొక్కుకున్నాను. అన్నను కాపాడమని కాదు. నన్ను బతికించు స్వామీ, టెంకాయ కొడతాను అని.

నేను బతికాను. ఆ టెంకాయ మాత్రం కొట్టలేదు. కొడితే ఎందుకని అడుగుతారు, ఏమి మొక్కు అని అడుగుతారు. భయంలో మనిషి నోటికి ఏది వస్తే అది అంటాడు, అప్పటికే అన్న పడిపోయాడు కదా, దూకేటప్పుడు నా మనసులో ఇంకేదో ఉండి ఉండవచ్చు కదా అని నాకు నేనే సర్ది చెప్పుకునేవాణ్ణి. ప్రతి శనివారం ఇంట్లో స్వామి పటానికి దీపం పెట్టాను, కార్తీకంలో మహానంది పోయి కోనేట్లో మునిగాను. ఆళ్ళగడ్డ దాటి అహోబిలం దారి మాత్రం పట్టలేదు.

అన్న పోయేనాటికి అతని కూతురు సాయిశ్రీకి ఏడాదిన్నర. వదినను, బిడ్డను తీసుకుని నంద్యాలకు మారిపోయాను. పొలం కౌలుకిచ్చి ఎరువుల అంగడి పెట్టుకున్నాను. నాకు పెళ్ళయింది, నా భార్య సుప్రజ వదినతో అక్కాచెల్లెళ్ళలాగా కలిసిపోయింది. ఇంట్లో ఒక కట్టుబాటు మాత్రం నిలిచిపోయింది. మావాళ్ళు ఎవరు పొలానికి పోయినా తిమ్మయ్య చేను దాటేటప్పుడు ఒంటరిగా పోకూడదు. ఎడ్ల బండయినా, స్కూటరయినా వెనక ఒక మనిషి ఉండాలి. ఆ కట్టుబాటు పెట్టింది నేనే. వెనక మనిషి ఉన్నప్పుడు ఏమి జరిగిందో తెలిసినవాణ్ణి కూడా నేనే.

సాయిశ్రీ ఇప్పుడు విత్తనాల కంపెనీలో ఉద్యోగం చేస్తోంది. తండ్రి మాదిరే తక్కువ మాట్లాడుతుంది. ఆదివారాల్లో కొందరు స్నేహితులతో యాగంటి వైపు గుట్టల్లో, రాళ్ళ బాటల్లో బండ్లు నడపడం దానికి సరదా. నాలుగు లావుపాటి చక్రాలు, మోటార్ సైకిల్ మాదిరి హ్యాండిలు ఉండే బండ్లు. ఏటీవీ అంటారు. ఒక రోజు అన్నం తింటూ, తను దాచుకున్న డబ్బుతో అలాంటి బండి కొంటానని చెప్పింది. ఏం పనికని వదిన అడిగింది. పనికి కాదు, ఊరికే తిరగడానికి అంది. యాడ తిరుగుతావని అడిగితే, మన పొలం నుంచి కొండ దాకా బాట ఉంది కదా అంది.

వదిన చేతిలో గరిటె ఆగింది. ఆ బాట మిట్ట మీదుగానే పోతుంది.

తిమ్మయ్య శిక్ష అనుభవించి ఊరికి తిరిగొచ్చి తొమ్మిదేళ్ళు. తమ్ముళ్ళలో ఒకడు జైల్లోనే పోయాడు, ఇంకొకడు ఊరు విడిచాడు. సాయిశ్రీని వద్దనడానికి నాకు నోరు రాలేదు. వదిన మాత్రం కచ్చితంగా చెప్పింది. కొంటే ఇద్దరు కూర్చునేది కొనాలి, వెనక చిన్నాయన లేకుండా ఆ డొంకలో అడుగు పెట్టకూడదు. సాయిశ్రీ ఒక సీటు బండి కావాలంది. ఇద్దరూ నా వైపు చూశారు. చూసి నిర్ణయిద్దామన్నాను.

నంద్యాల బైపాసు దగ్గర ఆ బండ్లమ్మే అంగడికి ఆ శనివారం ఇద్దరం పోయాము. అక్కడ పనిచేసే ఫ్రాన్సిస్ ఓపికగల మనిషి. రెండు బండ్లూ పక్కపక్కన నిలబెట్టి చూపించాడు. ఒక సీటుది పొట్టిది, తేలిక, ఇరుకు మలుపుల్లో చటుక్కున తిరుగుతుంది. నడిపే మనిషి మిట్టెక్కేటప్పుడు ముందుకు వంగాలి, దిగేటప్పుడు వెనక్కి జరగాలి, పక్కకు వాలినప్పుడు ఒళ్ళు రెండో వైపు వెయ్యాలి. అందుకని సీటంతా అతనికే కావాలి. రెండు సీట్లది పొడవు. వెనక కూర్చునే మనిషికి ఆనుకునే దిండు, పట్టుకునే పిడులు, కాళ్ళు పెట్టుకునే చోటు ఉంటాయి. ఇద్దరితో నిలకడగా పోతుంది కాని బరువు, తిరగడానికి ఎక్కువ చోటు కావాలి.

ఒక సీటు బండికి వెనక ఇనుప క్యారియర్ కనిపించింది. దాని మీద మనిషి కూర్చోవచ్చా అని అడిగాను. ఫ్రాన్సిస్ నవ్వాడు. మన దగ్గర అందరూ అదే అడుగుతారన్నాడు.

"కూర్చోకూడదు సార్. వెనక బరువు పడితే మిట్ట మీద ముందు చక్రాలు లేస్తాయి. బండి ఎనక్కి తిరగబడి ఇద్దరి మీదా పడతది."

నేను చేత్తో క్యారియర్ను తడుముతూ, మిట్ట మీద ముందు లేచినప్పుడు వెనక ఉన్న మనిషి దూకేస్తే ఏమవుతుందని అడిగాను. గొంతు మామూలుగానే ఉంచాననుకున్నాను. సాయిశ్రీ నా మొహంలోకి చూసింది.

ఫ్రాన్సిస్ ఆలోచించి చెప్పాడు. "మెల్లగా దిగితే మంచిదే సార్, ముందు చక్రాలు నేలకొస్తాయి. కాని భయపడి దూకేవాడు మెల్లగా దిగడు. కాళ్ళతో బండిని తన్ని దూకుతాడు. ఆ తన్నుకు బండి అడ్డం తిరుగుతది."

ఆ తర్వాత అతను చెప్పిందేదీ నా చెవికెక్కలేదు. అంతదాకా నా సందేహం మనసుకు సంబంధించింది. ఇప్పుడు కాళ్ళకు సంబంధించింది. ఫుట్‌రెస్టు మీద నుంచి నా కాళ్ళు ఎలా లేచాయి? తన్నానా?

ఏ బండి అన్నది అంగడిలో తేలలేదు. నడపబోయే చోటే చూడాలని సాయిశ్రీ పట్టుబట్టింది. ఈ బండ్లు రోడ్డు మీద నడపడానికి వీల్లేదు కాబట్టి ఆదివారం పొద్దున ఫ్రాన్సిస్ రెంటినీ మినీ లారీలో వేసుకుని ఆళ్ళగడ్డ మీదుగా మా డొంక మొదటికి తెచ్చాడు. మంచు ఇంకా విడవలేదు. తిమ్మయ్య చేలో కంది నడుమెత్తు మీద ఉంది. చేలో ఎవరూ కనిపించలేదు.

మొదట రెండు సీట్ల బండి దించారు. నేను వెనక కూర్చున్నాను. దిండు మెత్తగా ఉంది, పిడులు గట్టిగా ఉన్నాయి. ఇది చాలు, ఇదే కొనేద్దాం అనుకున్నాను. సగం దూరంలో డొంక మోచేయి మాదిరి వంగుతుంది. అక్కడ డొంక వెడల్పు ఇప్పుడు ఆరడుగులు కూడా లేదు. సాయిశ్రీ హ్యాండిలు పూర్తిగా తిప్పింది, బండి తిరగలేదు. వెనక్కి తీసి మళ్ళీ తిప్పింది. కుడి చక్రాలు చేలోకి దిగి నాలుగు గజాల మేర కంది మొక్కల్ని పటపట విరిచేశాయి.

ఆ చప్పుడు వినగానే వెనక్కి పోనిమ్మన్నాను. సాయిశ్రీ విరిగిన మొక్కల్ని చూసి, వాళ్ళకు నష్టం కట్టిస్తామని చెబుదామంది. అది పెరిగిన లోకంలో పంటకు నష్టం కట్టించుకునే పద్ధతి ఉందని అది నమ్ముతోంది. నేను అన్న పోయిన డొంకలో ఉన్నాను.

రోడ్డు దగ్గరికి తిరిగొచ్చాక వెళ్ళిపోదామన్నాను. సాయిశ్రీ వినలేదు. ఒక సీటు బండి ఆ మలుపు తిరుగుతుందో లేదో చూడకుండా పోయేది లేదంది. ఫ్రాన్సిస్ దాన్ని దించగానే ఎక్కి కూర్చుంది. ఇంజను మోగింది. తిమ్మయ్య చేను దాటి అన్న కూతురు ఒంటరిగా పోతోంది. నేనేమీ ఆలోచించలేదు. ఇరవై రెండేళ్ళ అలవాటు నన్ను లేపి ఆ ఇనుప క్యారియర్ మీద కూర్చోబెట్టింది.

ఫ్రాన్సిస్ వద్దు సార్ అంటూ పరిగెత్తుకొచ్చాడు. సాయిశ్రీ తల తిప్పి దిగమంది. మలుపు దాకా వస్తాను, మిట్ట ఎక్కేలోపల దిగుతాను అన్నాను. అది కొంచెంసేపు చూసి బండి కదిలించింది.

మలుపు సులువుగా తిరిగింది. ఒక్క మొక్కకు తగలలేదు. సాయిశ్రీ నవ్విందని వెనక నుంచే తెలిసింది, భుజాలు కదిలాయి. అంతలో బండి ఆగింది. డొంకకు అడ్డంగా తుమ్మ కంప వేసి ఉంది. మేము మొదటిసారి వచ్చి పోయిన పావుగంటలో వేసినది, కొట్టిన కొమ్మలింకా పచ్చిగా ఉన్నాయి.

కంప అవతల తిమ్మయ్య నిలబడి ఉన్నాడు. మనిషి ఎండిపోయాడు, చేతిలో ఊతకర్ర ఉంది. మా వెనక కందిలోంచి అతని కొడుకు శ్రీకాంత్ డొంకలోకి దిగాడు. ఇరవై ఐదేళ్ళ వాడు, చేతిలో గడ్డపార. మా బండిని చూసి వాళ్ళేమనుకున్నారో తర్వాత తెలిసింది. నాలుగు చక్రాల యంత్రాలు రెండు లారీలోంచి దిగేసరికి, డొంక వెడల్పు చేసి కంది దున్నించడానికి మళ్ళీ వచ్చామనుకున్నారు. విరిగిన మొక్కలు ఆ మాటను నిజం చేశాయి.

సాయిశ్రీ మర్యాదగానే చెప్పబోయింది. పొరపాటున చక్రం దిగింది పెద్దనాయనా, నష్టమెంతో చెప్పండి అని మొదలుపెట్టింది. తిమ్మయ్య దాని వైపు చూడలేదు. నా వైపే చూస్తున్నాడు.

"మళ్ళీ ఎనకే కూసున్యావే శివప్రసాదూ. ఈసారి ఎవర్ని ఇడిసిపెట్టి పరిగెత్తుతావప్పా?"

సాయిశ్రీ వీపు బిగుసుకోవడం నాకు తెలిసింది.

"ఏందిమే, నీకు చెప్పలేదా మీ చిన్నాయన?" అన్నాడు దానితో. "బండి తేలికయ్యేదానికి దూకినాడంట. కోర్టులో చెప్పినాడు, నేనూ విన్యా. తేలికయ్యేదానికి దూకినోడు జొన్నలో పండుకుంటాడా?"

శ్రీకాంత్ దగ్గరికొచ్చాడు. బండి తియ్యి, డొంక మాది అన్నాడు. సాయిశ్రీ డొంక అందరిదీ అంది. అదే మాట ఆ రోజుల్లో అన్న అనేవాడు. శ్రీకాంత్ గడ్డపారతో వెనక లైటు మీద కొట్టాడు. గాజు నా కాలి మీద పడింది. రెండో దెబ్బ క్యారియర్ కడ్డీ మీద, నా తుంటికి జానెడు దూరంలో పడింది. బండి అంతా గంట మాదిరి మోగింది.

ముందు కంప, వెనక శ్రీకాంత్. ఎడమ పక్కన రాళ్ళ మిట్ట. సాయిశ్రీ హ్యాండిలు ఎడమకు తిప్పి మిట్ట మీదికి లాగింది.

చక్రాలు రాళ్ళను పట్టుకుని ఎక్కాయి. పది గజాలు, పదిహేను. శ్రీకాంత్ వెంటబడి వస్తున్నాడు. పైకి పోయే కొద్దీ మిట్ట నిలువుగా లేస్తుంది. ముందు చక్రాలు నేల విడిచాయి. సాయిశ్రీ ముందుకు వంగింది, కాని దాని వెనక నా బరువు ఉంది. ఆకాశం నా మొహంలోకి వచ్చింది. సరిగ్గా అదే ఆకాశం, అదే ఇంజను మూలుగు.

నేను కాళ్ళు తన్నలేదు. రెండు చేతులతో కడ్డీ పట్టుకుని, కాళ్ళు వెనక్కి జార్చి, నేల తగిలాక చేతులు వదిలాను. రాళ్ళ మీద మోకాళ్ళు కొట్టుకున్నాయి. తల ఎత్తేసరికి ముందు చక్రాలు దిగి, బండి మేక మాదిరి పైకి పోతోంది.

దూకడానికీ దిగడానికీ తేడా ఒళ్ళు చెప్పింది. ఇరవై రెండేళ్ళు మనసును అడిగాను, అది ఎటు కావాలంటే అటు చెప్పింది. కాళ్ళను అడిగి ఉంటే ఒక్క మాటలో తేలిపోయేది. ఆ రోజు నా కాళ్ళు జొన్న వైపు పోయాయి. ఈ రోజు కిందికి తిరిగి నిలబడ్డాయి.

శ్రీకాంత్ గడ్డపార ఎత్తి వచ్చాడు. తలను కాపాడుకోవడానికి కుడి చెయ్యి అడ్డం పెట్టాను. ఎముక విరిగిన చప్పుడు పచ్చి కట్టె విరిగినట్టు వినిపించింది. నొప్పి తర్వాత వచ్చింది. ఎడమ చేతికి ఒక రాయి దొరికింది. వాడి మోకాలి మీద బలం కొద్దీ కొట్టాను. వాడు కూలిపోయాడు, గడ్డపార జారి రాళ్ళ మీద దొర్లింది. మళ్ళీ కొట్టాను. వాడు అమ్మా అన్నాడు. ఇంకొకసారి కొట్టాను. ఇది రాయకుండా ఉండవచ్చు, కాని మూడోసారి కొట్టాల్సిన అవసరం లేదు. వాడి చేతిలో అప్పటికి ఏమీ లేదు.

ఎవరో నా వీపు మీద కర్రతో కొడుతున్నారు. తిమ్మయ్య. కర్ర పట్టి లాగితే మనిషి కర్రతో పాటు వచ్చి పడ్డాడు. అతని ఛాతీ మీద మోకాలు వేసి రాయి ఎత్తాను. పంచె ఊడిన ముసలివాడు, మూతి నుంచి నెత్తురు. ఇంట్లో చీమ పడిన నీళ్ళు పారబోయకుండా చీమను తీసి పక్కన పెడతానని నన్ను సుప్రజ వేళాకోళం చేస్తుంది. ఆ చేతిలోనే రాయి ఉంది. దించాలని నా ఒళ్ళంతా కోరింది. ఆ కోరిక తప్పనిపించలేదు, అదే నాకు ఇప్పటికీ భయం.

"ఆ పొద్దు నేను తన్ని దూకినానా?" అన్నాను. "చెప్పు. నేను దూకినందుకే బండి పడిందా?"

తిమ్మయ్య నా కళ్ళలోకి చూశాడు. ప్రాణభయంతో ఉన్నవాడికి అబద్ధం ఆలోచించే తీరిక ఉండదనుకుంటాను.

"బండి అప్పటికే వాల్తాండె. నువ్వు దూకినా పడేదే, దూకకున్యా పడేదే. ఉండింటే నిన్నూ నరికేవాళ్ళం." ఊపిరి తీసుకున్నాడు. "నువ్వు పరిగెత్తేది మేము చూసినాం. మీ అన్న గూడా చూసినాడు."

"ఏమన్నాడు?"

"ఏమీ అనలే. చూస్తా ఉన్యాడు."

రాయి బరువెక్కింది. పక్కకు వదిలేశాను. అప్పటికి సాయిశ్రీ మిట్ట మీద బండి తిప్పుకుని హారను మోగిస్తూ దిగి వస్తోంది. రోడ్డు వైపు నుంచి ఫ్రాన్సిస్, లారీ డ్రైవరు, ఇంకెవరో రైతులు పరిగెత్తుకొచ్చారు. సాయిశ్రీ బండి మా మధ్యకు తెచ్చి నిలిపింది. తిమ్మయ్య చెప్పిన చివరి మాటలు దానికి వినబడ్డాయో లేదో తెలియలేదు. నన్ను లేపింది. పడి ఉన్న పంచె తీసి ముసలాయన మీద కప్పింది.

నంద్యాల ఆస్పత్రిలో నా చేతికి కట్టు కట్టారు. శ్రీకాంత్ మోకాలి చిప్ప పగిలింది, వాణ్ణీ అదే ఊళ్ళో ఇంకొక ఆస్పత్రిలో చేర్చారు. కేసులు రెండు వైపులా నమోదయ్యాయి. నా మీద పెట్టిన దానిలో అబద్ధమేమీ లేదు.

మూడో రోజు ఇంటికొచ్చాక వదినను, సాయిశ్రీని, సుప్రజను కూర్చోబెట్టి అంతా చెప్పాను. దూకింది నా కోసమే అని చెప్పాను. జొన్నలో పడుకుని ఎవరికోసం మొక్కుకున్నానో చెప్పాను. అన్న చూశాడన్నది కూడా దాచలేదు. చెప్పేటప్పుడు గోడ మీది స్వామి పటాన్నే చూస్తున్నాను.

వదిన కొంగు అంచును మడత పెడుతూ, విప్పుతూ కూర్చుంది. తర్వాత అడిగింది.

"టెంకాయ కొట్టినావా?"

లేదన్నాను.

"ఇరవై రెండేండ్లా?" అంది. "దేవునికి మొక్కింది ఎగ్గొట్టుకోని, శనివారం శనివారం ఆ దీపాలేంది నీకు? నువ్వు పరిగెత్తినందుకు నేనేమనాలో నాకు తెలీదు ప్రసాదూ. అనేదుంటే ఆ పొద్దే అనుందును, ఇప్పుడు నోట్లో మాట లేదు. ఆ టెంకాయ మాత్రం కొట్టు."

ఆమెకు ముందే తెలుసేమో అని నాకు అప్పుడు తోచింది. అడగలేదు. కొన్ని అడిగే హక్కు నాకు లేదు.

సాయిశ్రీ రెండు రోజులు నాతో మాట్లాడలేదు. అన్నం వడ్డించింది, మాత్రలు ఇచ్చింది, మాట లేదు. మూడో రోజు నేను వింటుండగానే ఫ్రాన్సిస్‌కు ఫోన్ చేసి ఒక సీటు బండి పంపమంది. పగిలిన లైటుకు కూడా తనే ఇచ్చుకుంటానంది. వదిన లోపలి నుంచి వచ్చింది. ఒక్కదానివే పోతావా అని అడిగింది.

"ఒక్కదాన్నే పోతా అమ్మా. ఎనక మనిషుంటే ముందు చూసేది పోయి ఎనకే చూస్తాండాల. చిన్నాయన దిగేదాకా నా బండి మిట్టెక్కలే." ఆగి నా వైపు తిరిగింది. "పైకి పోయినాక తిరిగి చూసినా చిన్నాయనా. నువ్వు పరిగెత్తింటావనుకున్యా. నిలబడిండావు."

తండ్రి విషయంలో నన్ను క్షమించిందో లేదో ఆ మాటలో లేదు. ఉండాలని నేను కోరలేదు. వదిన కూడా ఆ తర్వాత రెండు సీట్ల మాట ఎత్తలేదు.

ఆ శనివారం బస్సులో ఆళ్ళగడ్డకు, అక్కడి నుంచి అహోబిలానికి పోయాము. వదిన, సాయిశ్రీ, నేను. దిగువ గుడి ముందు అంగళ్ళలో వదినే టెంకాయ ఏరింది. చెవి దగ్గర పెట్టి ఊపి చూసి రెండు వద్దని మూడోది తీసుకుంది. టెంకాయలు కొట్టే రాయి దగ్గర జనం తక్కువగా ఉన్నారు. మొక్కేమిటని ఎవరూ అడగలేదు. ఇన్నేళ్ళు ఆ ఒక్క ప్రశ్నకే నేను ఈ దారి పట్టలేదు.

నన్ను బతికించమని అడిగాను, బతికించాడు. అడిగినందుకు ఇచ్చాడా, అడగకపోయినా ఇచ్చేవాడా? ఆ జొన్న చేలో అన్న పేరు చెప్పి ఉంటే ఆయన ఏం చేసి ఉండేవాడు? గోపురం వైపు చూస్తూ అడిగాను. ఇది కొత్త సందేహం, ఇదీ నాతో ఉండేట్టుంది.

కుడి చెయ్యి కట్టులో ఉంది. ఎడమ చేత్తో కొట్టాను. టెంకాయ జారి దొర్లింది. సాయిశ్రీ తెచ్చి ఇచ్చింది. మళ్ళీ కొట్టాను, పీచు నలిగింది, చిప్ప పగల్లేదు. నేను కొట్టనా అని అది చెయ్యి చాచింది. వదిన దాని చెయ్యి వెనక్కి లాగింది.

మూడో దెబ్బకు పగిలింది. నీళ్ళు రాయి మీద పారి నా కాళ్ళ మీదికి వచ్చాయి. వదిన వంగి రెండు చిప్పలూ ఏరి, ఒకటి తన సంచిలో వేసుకుని, రెండోది నా ఎడమ చేతిలో పెట్టింది.